బొమ్మల పుస్తకంలో అసలు బొమ్మను పట్టుకోవడం: చిత్రకళా చరిత్ర గ్రంథాలను ఎంచుకునే, పరీక్షించే, చదివే పద్ధతి

పికాసో 1937లో వేసిన ‘గెర్నికా’ ఎత్తు 349.3 సెం.మీ., వెడల్పు 776.6 సెం.మీ. దాలీ 1931లో వేసిన, కరిగి జారుతున్న గడియారాల బొమ్మ 24.1 × 33 సెం.మీ. అంటే ఏ-ఫోర్ కాగితం కంటే కాస్త పెద్దది, అంతే. ఆధునిక చిత్రకళ మీద ఏ పుస్తకం తెరిచినా ఈ రెండూ ఇంచుమించు ఒకే సైజులో, తలా అర పేజీలో కనిపిస్తాయి. పుస్తకంలో చూసి కళ నేర్చుకునే ప్రతివారికీ మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. పేజీ మీద ఉన్నది చిత్రం గురించిన సాక్ష్యం మాత్రమే. ఆ సాక్ష్యంలో ఎంత నిజముందో తేల్చుకోవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. కావలసిన సామాను కూడా కొద్దిదే: పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్ (గడియారాలు బాగుచేసేవాళ్లు, ప్రెస్సు వాళ్లు వాడే చిన్న భూతద్దం), స్కేలు, కొలత టేపు, మెత్తని పెన్సిలు, ఒక నోటుబుక్కు.

మొదటి మెట్టు: ఏ రకం పుస్తకమో తెలుసుకుని కొనడం

దుకాణంలో అన్నీ ఒకే అరలో ఉన్నా, వీటి పనులు వేరు. యుగాల వారీగా మొత్తం కథ చెప్పేది సర్వే గ్రంథం. ఒకే చిత్రకారుడి మీద వచ్చేది మోనోగ్రాఫ్. ఒక ప్రదర్శన కోసం మ్యూజియం వేసేది ప్రదర్శన క్యాటలాగు. ఒక చిత్రకారుడు వేసినట్టు తేలిన ప్రతి చిత్రాన్నీ నంబరు వేసి, అది ఎవరి చేతుల నుంచి ఎవరి చేతులకు మారిందో కూడా రాసేది క్యాటలాగ్ రెజొనే. ఇది చాలా ఖరీదు. కొనడం కంటే గ్రంథాలయంలో చూసుకోవడమే నయం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఒక సర్వే, తర్వాత ఏదైనా ఒక పెద్ద మ్యూజియం వేసిన సొంత సేకరణ పుస్తకం, ఆపైన మనసు లాగిన ఒక్క చిత్రకారుడి మీద మోనోగ్రాఫ్ తీసుకుంటే మంచిది. మ్యూజియం పుస్తకాన్ని రెండోదిగా చెప్పడానికి కారణముంది. అందులోని చిత్రాలన్నీ ఆ సంస్థ చేతిలోనే ఉంటాయి కాబట్టి ఫోటోలు, కొలతలు, సంవత్సరాలు తప్పే అవకాశం తక్కువ. అలాంటి పుస్తకం ఒకటి ఇంట్లో ఉంటే మిగతావాటిని దానితో తూచుకోవచ్చు.

మోనోగ్రాఫ్ అయితే ఏ సంవత్సరపుదో చూడాలి. రెంబ్రాంట్ చిత్రాలను ఒక్కొక్కటిగా మళ్లీ పరీక్షించే పరిశోధన బృందం నెదర్లాండ్స్‌లో 1968లో పని మొదలుపెట్టింది. అంతవరకు ఆయనవే అనుకున్న చాలా చిత్రాలు శిష్యులవని ఆ బృందం తేల్చింది. కొన్నింటి మీద తర్వాత మళ్లీ అభిప్రాయం మారింది. అందువల్ల పాత రెంబ్రాంట్ పుస్తకంలో బొమ్మ అందంగా ఉన్నా, కింద ఉన్న పేరు ఈనాటికీ నిలుస్తుందన్న హామీ లేదు.

రెండో మెట్టు: బొమ్మకు ముందు క్యాప్షన్

పుస్తకం చేతిలోకి రాగానే మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి, బొమ్మ కింది అక్షరాలు చదవండి. చిత్రకారుడి పేరు, చిత్రం పేరు, సంవత్సరం, మాధ్యమం (దేనితో, దేనిమీద వేశారో), కొలతలు, ఇప్పుడున్న చోటు: ఈ ఆరూ ఉండాలి. క్యాప్షన్‌లో లేకపోతే వెనక బొమ్మల జాబితాలోనైనా ఉండాలి. కొలతలు ఎక్కడా ఇవ్వని పుస్తకాన్ని, ఎంత నిగనిగలాడినా, తిరిగి అరలో పెట్టేయడమే మేలు. కొలత లేనిదే తర్వాతి మెట్టు ఎక్కలేం.

కొలతల్లో మొదటి అంకె ఎత్తు, రెండోది వెడల్పు. తలుపులు, ఫోటో ఫ్రేములు కొలిచే అలవాటులో దీన్ని తిరగేసి చదివి చాలామంది పొరబడతారు. సంవత్సరానికి ముందు ‘సుమారు’ అని ఉంటే ఆ తేదీ పండితుల అంచనా. ‘వివరం’ అని ఉంటే మీరు చూస్తున్నది చిత్రంలో ఒక ముక్క. పేరు దగ్గర ‘ఆపాదితం’ అంటే ఆయనదే కావచ్చని నమ్మకం, రుజువు చాలదు. ‘వర్క్‌షాపు’ అంటే ఆయన పర్యవేక్షణలో శిష్యులు చేసింది. ‘అనుసరించి’ అంటే ఆయన చిత్రానికి మరొకరు తీసిన నకలు. చిన్న అక్షరాల్లో ఉండే ఈ మాటలే చిత్రం స్థానాన్ని తేలుస్తాయి.

మాధ్యమం విషయంలో మన ఇళ్లకు బాగా దగ్గరైన ఉదాహరణ రవివర్మ. ఆయన స్వయంగా వేసినవి తైలవర్ణ చిత్రాలు. 1894లో బొంబాయిలో మొదలైన ఆయన ప్రెస్సు నుంచి వచ్చి, పూజగదుల్లో గోడలెక్కినవి ఓలియోగ్రాఫులు, అంటే రాతి పలకల నుంచి తీసిన అచ్చు బొమ్మలు. రెండింటికీ ఒకే క్యాప్షన్ పెట్టే పుస్తకాలు ఉన్నాయి. అచ్చులో ముఖం కాస్త బిరుసుగా, రంగు పొరలు పలకలు పలకలుగా కనిపిస్తే దాన్ని రవివర్మ కుంచె లోపంగా లెక్కపెట్టకూడదు. ముందు మాధ్యమం చూడాలి.

పుస్తకం చివరి పేర్ల సూచికలో వెతకడానికీ ఒక కిటుకుంది. లియొనార్డో డా వించీని ‘వి’ కింద వెతికితే దొరకడు, ‘ఎల్’ కింద ఉంటాడు. వించీ ఆయన ఊరి పేరు. మైకెలాంజెలో, రెంబ్రాంట్ కూడా సొంత పేర్లతోనే ఉంటారు. వాన్ గో మాత్రం కొన్ని పుస్తకాల్లో ‘వి’ కింద, డచ్చి పద్ధతి పాటించేవాటిలో ‘జి’ కింద ఉంటాడు.

మూడో మెట్టు: స్కేలు పెట్టి కొలవడం

ఈ పనికి రెండు నిమిషాలు చాలు. పుస్తకం బొమ్మ అంచులు కోసేసిందా, ఎంత చిన్నది చేసింది అన్న రెండూ దీనితో తేలిపోతాయి.

వాన్ గో 1889లో వేసిన, న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్న నక్షత్రాల రాత్రి చిత్రాన్నే తీసుకోండి. దాని కొలత 73.7 × 92.1 సెం.మీ. వెడల్పును ఎత్తుతో భాగిస్తే 1.25 వస్తుంది. పేజీ మీద బొమ్మ ఎత్తు 16 సెం.మీ. ఉందనుకుంటే, వెడల్పు 16 × 1.25, అంటే 20 సెం.మీ. ఉండాలి. స్కేలు పెడితే 18.8 వచ్చిందనుకోండి, పక్క నుంచి 1.2 సెం.మీ. ఎగిరిపోయింది. చిత్రంలో వందకు ఆరు వంతులు లేవన్నమాట. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే, ఫోటో తీసేటప్పుడు ఫ్రేము అంచు కొంత కప్పేస్తుంది. అంతకు మించితే లే-అవుట్ కోసం కోశారని అర్థం.

తర్వాత 73.7ను 16తో భాగించండి, 4.6 వస్తుంది. పేజీ మీద ఒక సెంటీమీటరు అసలులో 4.6 సెంటీమీటర్లు. ఈ అంకెను బొమ్మ పక్కన చిన్న చీటీ మీద పెన్సిలుతో రాసిపెట్టుకుంటే, ఆ చంద్రుడి చుట్టూ తిరిగే కుంచె గీత ఒక్కొక్కటి నిజానికి ఎంత పొడవో స్కేలుతోనే చెప్పేయవచ్చు. చిత్రకారుడు మణికట్టు తిప్పి గీశాడా, చెయ్యంతా ఊపి గీశాడా అన్నది అప్పుడు తెలుస్తుంది.

ఇంకో అడుగు వేసి, టేపు తీసుకుని గోడ మీద చిత్రం అసలు కొలతకు సుద్దముక్కతో నాలుగు మూలలూ గుర్తుపెట్టండి. ‘మోనాలిసా’ 77 × 53 సెం.మీ., అలమర తలుపు మీద సరిపోతుంది. ‘గెర్నికా’ ఎత్తు పదకొండు అడుగుల ఐదంగుళాలు, వెడల్పు ఇరవై ఐదున్నర అడుగులు. మామూలు ఇంట్లో పదడుగుల స్లాబు కింద అది పట్టదు, వీధిలోకి వెళ్లి ప్రహరీగోడ పొడవున గుర్తుపెట్టాలి. పిల్లలకు కళ చెప్పే టీచర్లు ఈ ఒక్క పని చేయించి చూడండి. ఆ గుర్తుల మధ్య నిలబడ్డ పిల్లవాడికి బాంబులు పడ్డ గెర్నికా ఊరి గురించి అంత పెద్ద గుడ్డ ఎందుకు కావలసివచ్చిందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

బొమ్మను రెండు పేజీల మీదికి పరిచినప్పుడు మధ్య మడత ఏం మింగిందో కూడా చూడండి. ‘గెర్నికా’ నడిమధ్యలో గుర్రం, దాని తలపైన దీపం ఉన్నాయి. గమ్ బైండింగ్ పుస్తకంలో ఆ రెండూ సందులో ఇరుక్కుపోతాయి. అడ్డపు చిత్రాలు ఎక్కువగా ఉన్న పుస్తకానికి కుట్టు బైండింగ్ తప్పనిసరి అనడం అందుకే.

ఎడమ కుడులు తారుమారైన బొమ్మలూ అచ్చవుతుంటాయి. సంతకం, అక్షరాలు ఉంటే వెంటనే బయటపడుతుంది. లేకపోతే తెలిసిన ఆనవాలు వెతకాలి. నక్షత్రాల రాత్రిలో చంద్రుడు కుడి పైమూలన, నల్లని సైప్రెస్ చెట్టు ఎడమన ఉంటాయి.

నాలుగో మెట్టు: అచ్చు నాణ్యత

ముందు వెలుతురు సరిచేసుకోవాలి. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర పగటిపూట చూడటం అన్నిటికంటే మంచిది. రాత్రి చూడాలంటే 5000 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత) అని రాసి ఉన్న, సి.ఆర్.ఐ. (రంగుల్ని ఎంత సరిగా చూపుతుందో చెప్పే అంకె) 90కి తగ్గని బల్బు పెట్టుకోండి. అచ్చు రంగుల్ని సరిచూసేందుకు ప్రెస్సుల్లో వాడే వెలుతురూ 5000 కెల్విన్‌దే. మన ఇళ్లలోని తెల్లని ట్యూబులైట్లు ఎక్కువగా 6500వి. వాటి కింద చర్మపు రంగులు నీలంగా పాలిపోతాయి, పసుపు బల్బు కింద నీలాలు మురికిగా కనిపిస్తాయి. పుస్తకాన్ని తప్పుపట్టే ముందు దీపాన్ని చూడండి.

ఇప్పుడు లూప్ తీసి ముఖం ఉన్న చోట పెట్టండి. సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా అల్లుకుని కనిపిస్తాయి. స్కేలు పక్కన పెట్టి ఒక మిల్లీమీటరులో వరుసగా ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టండి. ఆరు, ఏడు ఉంటే మంచి కళా పుస్తకం. మూడు, నాలుగే ఉంటే వార్తాపత్రిక స్థాయి. పువ్వుల్లా కాకుండా ఇసుక చల్లినట్టు సన్నని చుక్కలు చెదిరి ఉంటే అది వేరే రకం స్క్రీన్ (చుక్కల అమరిక), చాలా సన్నని పనికి వాడతారు. చాలా పాత పుస్తకాల్లో అసలు చుక్కలే లేకుండా, చర్మపు ముడతల్లాంటి మెత్తని గరుకు కనిపిస్తే అది కొలోటైప్ (చుక్కలు లేకుండా అచ్చువేసే పాత పద్ధతి) కావచ్చు. అలాంటిది దొరికితే వదలకండి.

ఇక్కడ తరచు కనిపించే లోపాలు నాలుగు. బొమ్మ అంచుల వెంబడి ఎర్రటి లేదా నీలపు గీత కనిపిస్తే రంగుల ప్లేట్లు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోలేదు, ప్రెస్సు భాషలో రిజిస్ట్రేషన్ తప్పింది. అదే ఫారంలోని (ఒకే పెద్ద కాగితం మీద కలిసి అచ్చయ్యే పేజీల గుత్తిలోని) మిగతా పేజీల్లోనూ ఇది ఉంటుంది, అదే పుస్తకం ఇంకో ప్రతిలో ఉండకపోవచ్చు, కాబట్టి వేరే ప్రతి అడగండి. పట్టుచీర మడతల్లో మెరిసే అలల్లాంటి చారలు బొమ్మంతా కనిపిస్తే, అచ్చయిన పుస్తకాన్ని స్కాన్ చేసి మళ్లీ అచ్చువేశారని అర్థం. దొంగ ముద్రణలకు ఇది గట్టి ఆనవాలు. ఏ ప్రతి తీసుకున్నా బాగుపడదు. చీకటి భాగాలు ఒకే నల్లముద్దగా ఉండటం మూడోది. కారవాజియో, రెంబ్రాంట్ పుస్తకాలు కొనేటప్పుడు ముఖ్యంగా నల్లని బట్టల్లో మడతలు తెలుస్తున్నాయా అని చూడండి. నాలుగోది పెన్సిలు, ఇంకు రేఖాచిత్రాల్లో వస్తుంది. కాగితపు రంగును పూర్తిగా తెల్లగా ఊడ్చేసి, గీతను మాత్రం మిగుల్చుతారు. అప్పుడు చిత్రకారుడు ఎక్కడ వత్తి గీశాడో, ఎక్కడ తేలికగా వదిలాడో తెలియదు.

ఫోన్‌లో మ్యూజియం వెబ్‌సైటు బొమ్మతో పోల్చి చూసేవాళ్లు రాత్రి మోడ్, కళ్లకు రక్షణ అని ఉండే పసుపు తెర ఆపేయాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం పెద్ద సైజు బొమ్మల్ని ఉచితంగా ఇస్తున్నాయి. తెర మీది రంగు, కాగితం మీది రంగు ఎప్పటికీ ఒకటి కావు. పోల్చవలసింది తేడాల మధ్య తేడాని: ఆకాశం కంటే నీరు ముదురుగా ఉందా, రెండు ఎరుపుల్లో ఏది చల్లగా ఉంది అన్నవి రెండు చోట్లా ఒకేలా ఉంటే అచ్చు నమ్మదగినదే.

జపాను చెక్క అచ్చులకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. హొకుసాయ్ పెద్ద అల ఒక్కటే చిత్రం కాదు. ఒకే చెక్కల నుంచి తీసిన ఎన్నో ప్రతులు వేర్వేరు మ్యూజియాల్లో ఉన్నాయి, ఆకాశపు ఛాయ ప్రతికీ ప్రతికీ మారుతుంది. ఏ మ్యూజియం ప్రతో చూడకుండా రంగు తప్పందామంటే కుదరదు.

ఐదో మెట్టు: ఫోటో ఏనాటిదో తేల్చడం

అన్నిటికంటే ఎక్కువ ఓపిక ఇక్కడే పెట్టాలి, ఎందుకంటే అచ్చు ఎంత బాగున్నా ఈ విషయంలో మోసపోతాం. చిత్రాలూ ముసలివవుతాయి, మసిబారుతాయి, శుభ్రమవుతాయి.

వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైకెలాంజెలో వేసిన చిత్రాలను 1980 నుంచి 1989 వరకు శుభ్రం చేశారు. అంతకుముందు తీసిన ఫోటోల్లో మైకెలాంజెలో గోధుమరంగు, బూడిదరంగు చిత్రకారుడు. తర్వాతి ఫోటోల్లో ఆయన లేత ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగుల చిత్రకారుడు. 1995లో అచ్చయిన పుస్తకంలోనూ పాత ఫోటోలు ఉండొచ్చు కాబట్టి పుస్తకం తేదీ ఒక్కటే చాలదు. చివరి పేజీల్లో ఫోటోల కృతజ్ఞతలు (ఏ ఫోటో ఎవరిదో చెప్పే జాబితా) చూడండి.

రెంబ్రాంట్ 1642లో వేసిన ‘నైట్ వాచ్’ది మరీ విచిత్రం. అందులో అసలు రాత్రే లేదు. వార్నిష్ నల్లబడి పగటి దృశ్యం రాత్రిలా తోచడంతో ఆ పేరు అంటుకుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక 1946–47లో శుభ్రం చేశాక వెలుగు బయటపడింది. అంతేకాదు, 1715లో కొత్త గోడకు పట్టదని నాలుగు వైపులా కత్తిరించేశారు. ఎడమవైపే సుమారు 60 సెం.మీ. పోయింది. ఇప్పుడున్నది 379.5 × 453.5 సెం.మీ. కత్తిరించకముందు లుండెన్స్ అనే చిత్రకారుడు తీసిన చిన్న నకలు లండన్ నేషనల్ గ్యాలరీది. మంచి రెంబ్రాంట్ పుస్తకం ఈ నకలును పక్కన అచ్చువేస్తుంది. అది లేకుండా, చిత్రంలోని దళనాయకులిద్దరూ సరిగ్గా నడిమధ్య ఎందుకున్నారంటూ కూర్పు గురించి రాసిన వ్యాఖ్యలను నమ్మకండి. అసలు కూర్పులో వాళ్లు కుడికి జరిగి ఉన్నారు.

మనకు ఇంకా దగ్గరిది అజంతా. అక్కడి బొమ్మలున్న ఏ పుస్తకం చూసినా మూడు ప్రశ్నలు వేయాలి. మొదటిది, ఇది గోడ ఫోటోనా, చేత్తో తీసిన నకలా? పందొమ్మిదో శతాబ్దిలో రాబర్ట్ గిల్ అనే బ్రిటిష్ సైనికాధికారి తీసిన నకళ్లు చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో పోయాయి. బొంబాయి ఆర్ట్ స్కూలు విద్యార్థులతో అక్కడి అధ్యాపకుడు గ్రిఫిత్స్ తీయించిన వాటిలోనూ చాలా భాగం 1885లో లండన్‌లోనే కాలిపోయాయి. మిగిలినవాటితో ఆయన గ్రంథం 1896–97లో వచ్చింది. ఇంగ్లండు చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ 1909 నుంచి 1911 మధ్య చలికాలాల్లో తీయించిన నకళ్లకు నందలాల్ బోసు వంటి కలకత్తా చిత్రకారులతోపాటు హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్ కూడా వెళ్లాడు. ఈ నకళ్లలో గీత నకలు తీసినవారి చేతిది. అజంతా గీత ఇలా ఉంటుందని వాటిని చూసి రాయకూడదు.

రెండో ప్రశ్న, వార్నిష్ వేశాక తీసిన ఫోటోనా? అప్పట్లో అజంతా నిజాం రాజ్యంలో ఉండేది. 1920–22లో ఇటలీ నుంచి వచ్చిన నిపుణులు ఊడిపోతున్న పూతను నిలబెట్టేందుకు లక్క వార్నిష్ వేశారు. అది కాలక్రమంలో పసుపెక్కింది. మనం అజంతా రంగు అనుకునే ఆ బంగారు పసుపులో కొంత ఆ లక్కదే. హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖకు చెందిన గులాం యజ్దానీ 1930 నుంచి 1955 దాకా నాలుగు భాగాల్లో తెచ్చిన ఫోటో గ్రంథం అమూల్యమైనది, అయినా అది వార్నిష్ తర్వాతి రూపాన్నే చూపుతుంది. మూడో ప్రశ్న, ఏ గుహ? చిత్రాలు ఎక్కువగా మిగిలినవి 1, 2, 16, 17 గుహల్లో. 9, 10 గుహల్లోని పాతవి వాటికంటే శతాబ్దాల ముందువి. గుహ సంఖ్య ఇవ్వకుండా ‘అజంతా చిత్రం’ అని వదిలేసే పుస్తకం ఆ శతాబ్దాలన్నిటినీ కలిపేస్తోంది.

ఆరో మెట్టు: పాత పుస్తకాలు, బైండింగు, నిల్వ

ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్‌లో మంచి కళా గ్రంథాలు దొరుకుతుంటాయి. మొదట ప్లేట్లు, అంటే విడిగా అచ్చువేసి చేర్చిన బొమ్మల పేజీలు, లెక్కపెట్టండి. ఫ్రేము కట్టించుకోవడానికి మంచి బొమ్మను చింపుకునేవాళ్లు ఉంటారు, జాబితాతో సరిచూస్తేనే తెలుస్తుంది. వెన్ను పైనుంచి చూస్తే ఫారాలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తే కుట్టు బైండింగ్. పేజీలు అంటుకున్నాయేమో, బూజు వాసన వస్తోందేమో చూడండి. అంటుకున్న ఆర్ట్ పేపరును విడదీయలేం, దాని మీద పూసిన మట్టిపూత తడిసి ఆరితే జిగురైపోతుంది.

అదే కారణంతో, ఇంట్లో పుస్తకం తడిస్తే ఆరేదాకా ఆగకూడదు. తడిగా ఉండగానే, అదే రోజు, ఒక్కొక్క పేజీ విడదీసి మధ్యలో బటర్ పేపరు పెట్టి ఫ్యాను గాలికి ఉంచాలి. ఎండలో పెడితే అట్టలు వంకరపోతాయి, రంగులు వెలుస్తాయి. బూజు కనిపిస్తే మిగతావాటి నుంచి వేరుచేసి, పూర్తిగా ఆరాక, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట మెత్తని బ్రష్షుతో దులపాలి. వేపాకులు పేజీల మధ్య పెట్టకండి, మరక పడుతుంది.

బరువు సంగతి చాలామంది లెక్కచేయరు. 25 × 30 సెం.మీ. కొలతతో 300 పేజీల పుస్తకం 150 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 150 గ్రాముల) కాగితం మీద ఉంటే కాగితమే దాదాపు కిలో ఏడు వందల గ్రాములు, అట్టలతో రెండు కిలోలు. మందం రెండున్నర సెంటీమీటర్లు. మూడడుగుల అర నిండా పెడితే డెబ్బై కిలోలు దాటుతుంది. 18 మి.మీ. ప్లైవుడ్ అయినా రెండడుగులకో ఆధారం పెట్టించండి. ఎత్తు 35 సెం.మీ. దాటినవాటిని పడుకోబెట్టి, ఒకదానిపై ఒకటి మూడుకు మించకుండా ఉంచండి. కొత్త పుస్తకాన్ని వెన్ను బల్లపై ఆనించి, ముందు నుంచి కొన్ని, వెనక నుంచి కొన్ని పేజీలు మార్చి మార్చి తెరుస్తూ మధ్యకు రండి. ఒక్కసారి మధ్యలో విరిచి తెరిస్తే వెన్ను అక్కడే పగులుతుంది.

ఏడో మెట్టు: చదవడం

ముందు బొమ్మ, తర్వాతే వ్యాసం. పది నిమిషాలు బొమ్మే చూసి, వెలుతురు ఎటునుంచి వస్తోంది, కన్ను మొదట ఎక్కడ పడింది, ఏది అర్థం కాలేదు అన్న మూడూ నోటుబుక్కులో రాయండి. తర్వాతే క్యాప్షన్, ఆపైన వ్యాసం. వ్యాసంలో చెప్పినది బొమ్మలో కనిపించకపోతే ఆ వాక్యం పక్కన చీటీ పెట్టండి. కూర్పు గీతలు తీసుకోవాలంటే పేజీ మీద ట్రేసింగ్ పేపరు పెట్టి వత్తి గీయకండి, కోటెడ్ కాగితంపై గాడి పడితే పోదు. జిరాక్సు తీసి దానిమీద గీయండి.

చివరగా, పుస్తకాన్ని అసలు చిత్రం దగ్గరికి తీసుకెళ్లండి. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. 28 ఏళ్లు నిండకముందే, 1925లో పోయిన ఆ చిత్రకారుడి అసలు చిత్రాలు అక్కడున్నాయి. హైదరాబాదులో రాష్ట్ర మ్యూజియంలో అజంతా నకళ్లు, సాలార్‌జంగ్ మ్యూజియంలో భారతీయ, యూరోపియన్ చిత్రాలు ఉన్నాయి. వెళ్లేముందు పుస్తకంలో ఒక్క చిత్రం ఎంచుకుని, ఇంట్లో కొలతలు వేసి, అది ఎలా ఉంటుందనుకుంటున్నారో నాలుగు వాక్యాలు రాసుకోండి. అక్కడ ఆ చిత్రం ముందు అరగంట నిలబడి, తప్పిన వాక్యాల్ని కొట్టేసి కొత్తవి రాయండి: ఇంకా చిన్నది, ఆకుపచ్చ ఇంకా మెత్తన, కాగితం గరుకు పైకి కనిపిస్తోంది, ఇలా. ఆ చీటీని పుస్తకంలో ఆ పేజీ దగ్గరే ఉంచండి, తేదీ వేసి.